ముప్పై రూపాయల రసీదు తీసెయ్యకండి

మన సమాఖ్య కార్యవర్గానికి, సభ్య సంఘాల అధ్యక్ష కార్యదర్శులకు, ఏటా రసీదు తీసుకుంటున్న సభ్యులందరికీ

నమస్కారం.

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం ఎజెండా ఈపాటికి మీ అందరి ఫోన్లకూ వచ్చే ఉంటుంది. అందులో నాలుగో అంశం చూడండి. “సభ్యత్వ రుసుము రద్దు చేసి, సమాఖ్య కార్యకలాపాలను కొత్తగా ఏర్పాటు చేయబోయే ట్రస్టుకు బదలాయించుట.” ఒక్క వాక్యం. దాని కిందనే ఉన్న ఐదో అంశం, భోజనాల ఖర్చు ఆమోదం గురించి, రెండు వాక్యాలు ఉంది.

కార్యవర్గంలో నేనూ ఉన్నాను. ఈ మాట అక్కడే చెప్పాను. పదకొండు మందిలో ముగ్గురం వద్దన్నాం, ఎనిమిది మంది కావాలన్నారు, తీర్మానం పాసైపోయింది. ఓడిపోయినందుకు కోపం లేదు, మనం పెట్టుకున్న పద్ధతే అది. కాకపోతే రుసుము కట్టేది ఆ పదకొండు మందే కాదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను. మనలాగే నడుస్తున్న వేరే సంఘాల వాళ్ళు చదివినా మంచిదే. వాళ్ళ ఎజెండాలోకి కూడా ఏదో ఒక ఏడాది ఈ నాలుగో అంశం వచ్చి కూర్చుంటుంది.

నన్ను తెలియని వాళ్ళ కోసం: విశాఖపట్నం కంచరపాలెంలో ఉంటాను. ఇరవై రెండేళ్ళు ఒక పరపతి సంఘంలో గుమాస్తాగా చేశాను. తొమ్మిదేళ్ళుగా ఈ సమాఖ్యకు కోశాధికారిని. ఏప్రిల్ నెల రాగానే గొడుగు, రసీదు పుస్తకం పట్టుకుని మీ గుమ్మం ముందు నిలబడే మనిషిని.

బయటివాళ్ళకి మన సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. ఆరిలోవ, మధురవాడ వైపు ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ సంఘాలు, పెదజాలరిపేటలో చేపలమ్మేవాళ్ళ సంఘం, పూర్ణామార్కెట్ చుట్టుపక్కల తోపుడుబళ్ళ వాళ్ళు, గాజువాక ఆటోవాళ్ళు, దివ్యాంగులైన పిల్లల తల్లులు, వీళ్ళతోపాటు రెండు కాలనీల నివాసుల సంఘాలు, ఇంకొన్ని. ఎవరి సంఘం వాళ్ళదే, ఎవరి గొడవలు వాళ్ళవే. మనిషికి ఏడాదికి ముప్పై రూపాయలు. పది సంఘంలో ఉంటుంది, ఇరవై సమాఖ్యకు వస్తుంది. నాలుగొందల మంది ఉన్న సంఘమైనా, ముప్పై మంది ఉన్న సంఘమైనా సమాఖ్యకు ఇద్దరే ప్రతినిధులు, అందులో ఒకరు ఆడమనిషి అయి తీరాలి. డ్వాక్రాలో ఉన్నవాళ్ళకి ఈ అంచెలు కొత్త కాదు: గ్రూపు, దాని మీద స్లమ్ సమాఖ్య, దాని మీద పట్టణ సమాఖ్య. అక్కడ అప్పు పైనుంచి దిగుతుంది, ఇక్కడ చందా కిందినుంచి ఎక్కుతుంది. అంతే తేడా. కానీ అది చిన్న తేడా కాదు.

కాగితాల మీద మనల్ని ‘నెట్‌వర్క్’ అంటారు. ఒకసారి హైదరాబాద్ నుంచి వచ్చిన ట్రైనరు ఒకాయన, నెట్‌వర్క్ అంటే వల అని, ప్రతి ముడీ ముఖ్యమేనని, అరగంట సేపు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. వెనక బెంచీలో కూర్చున్న జాలరిపేట ఆవిడ “వలంటే బాగానే ఉంది బాబూ, మరి సేపలెవులు?” అంది. అందరం పగలబడి నవ్వాం. ఆయన కూడా నవ్వి తర్వాతి బొమ్మకి వెళ్ళిపోయారు. ఆ ప్రశ్నకు మాత్రం సమాధానం రాలేదు. ఈ మధ్య ట్రస్టు ముసాయిదా చదువుతుంటే అది మళ్ళీ గుర్తొచ్చింది.

అధ్యక్షులవారి వాదన ముందు న్యాయంగా చెప్పాలి. రుసుముతో ఆఫీసు అద్దె కూడా పూర్తిగా గడవదు. నిజం. కరెంటు బిల్లు, ఆడిటరు ఫీజు, జిరాక్సులు, ధర్నా రోజున షామియానా అద్దె, ఇవన్నీ కలిపితే ఏటా కటకటే. నేను చేతి డబ్బు వేసుకున్న నెలలు ఉన్నాయి, ఆయన వేసుకున్న నెలలు అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. “ముప్పై రూపాయలు వసూలు చెయ్యడానికి ఆటోకి నలభై ఇస్తున్నాం” అని ఆయన అన్నప్పుడు నేనూ నవ్వాను. ఎందుకంటే ఆ ఆటో ఎక్కేది నేనే. కంపెనీలు సామాజిక పనులకు ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు వస్తే జీతానికి ఇద్దరు పిల్లల్ని పెట్టుకోవచ్చు, కంప్యూటరు కొనుక్కోవచ్చు, నా మోకాళ్ళకి కూడా విశ్రాంతి దొరుకుతుంది. ఆయన ఉద్దేశాన్ని శంకించే హక్కు నాకు లేదు, శంకించడమూ లేదు.

కానీ ముప్పై రూపాయలు ఏం చేస్తుందో నేను చూశాను. అది చెప్పకుండా ఊరుకోలేను.

కోశాధికారి అయిన కొత్తలో, పెదజాలరిపేటలో ఒక పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. పొద్దున్న పదకొండు దాటింది. బేరం అయిపోయి గంప కడుక్కుంటోంది. నన్ను చూసి కొంగు ముడి విప్పి, మూడు పది రూపాయల నోట్లు తీసింది. తడికి మూడూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. జాగ్రత్తగా విడదీసి, ఒక్కోదాన్నీ తొడ మీద పరిచి, అరచేత్తో సాపు చేసి ఇచ్చింది. నేను రసీదు చింపి ఇచ్చాను. ఆవిడకు చదువు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. అయిపోయిందనుకుని లేవబోతుంటే అడిగింది: “నిరుడు ఇచ్చిన డబ్బులు ఏటి సేసినారమ్మా?”

ఖర్చులు, మీటింగులు అని ఏదో నసిగాను.

“అలగ కాదు. లెక్క సెప్పు.”

నా దగ్గర లెక్క లేదు. ఇరవై రెండేళ్ళు లెక్కలు రాసిన మనిషిని, సిగ్గేసింది. వచ్చే వారం వస్తానని చెప్పి, నిజంగానే వెళ్ళాను. ఈసారి చిట్టా పుస్తకం పట్టుకెళ్ళాను. నేను పైకి చదువుతుంటే ఆవిడా, ఆవిడ పక్కన మరో అయిదారుగురూ గంపలు బోర్లించి కూర్చుని విన్నారు. అద్దె దగ్గర తల ఊపారు. ఆడిటరు ఫీజు దగ్గర ఆడిటరంటే ఎవరని అడిగారు. “టిఫిన్లు, ఆరు వందల నలభై” అనేసరికి పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. “ఎవులు తిన్నారు?” నేను తిన్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయి, చివర్లో నా పేరు కూడా చెప్పాను. ఆ ఏడాది నుంచి మన టిఫిన్ బిల్లు వెనక తిన్నవాళ్ళ పేర్లు రాస్తున్నాం. ఇదేం పిచ్చి పద్ధతని కొత్తగా వచ్చినవాళ్ళు విసుక్కుంటారు. ఆ పద్ధతి ఎక్కడ పుట్టిందో ఇప్పుడు తెలిసింది కదా.

అసలు సంగతి తర్వాత జరిగింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అరవై ఒక్క రోజులు, మన తీరంలో మరపడవలకి వేట నిషేధం. వేటకి వెళ్ళే మత్స్యకారులకి ఆ రోజులకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. పదివేలు ఉన్నదాన్ని 2025లో ఇరవై వేలు చేశారు కూడా. మరి చేపలమ్మే ఆడవాళ్ళ సంగతేమిటి? పడవ కదలకపోతే గంపా కదలదు. పెద్దమ్మ ఈ ప్రశ్న వేసుకుని వార్డు సచివాలయానికి వెళ్ళింది, అక్కడినుంచి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోటికి ఇరవై మందిని వెంటబెట్టుకుని వెళ్ళింది. “పడవెక్కినోల్లకి ఇచ్చినారు, గంపెత్తినోల్లకి ఏటి ఇచ్చినారు? లెక్క సెప్పండి” అంది. వాక్యం మీరు గుర్తుపట్టే ఉంటారు. నన్ను అడిగిన వాక్యమే అది. పాపం ఆ అధికారి కూడా నాలాగే వచ్చే వారం చెబుతామన్నారు. ఆయన చెప్పాల్సిన లెక్క ఇంకా రాలేదు. రసీదులు మాత్రం రెట్టింపయ్యాయి, ఆ పేటలో.

ఆవిడకి లెక్క అడగడం నేర్పింది నేను కాదు, సమాఖ్య ఇచ్చిన ట్రైనింగూ కాదు. తన ముప్పై రూపాయలు. డబ్బిచ్చిన మనిషి కాబట్టి అడిగింది, అడిగితే ఒక గుమాస్తా మళ్ళీ వచ్చి చదివి వినిపించింది కాబట్టి, అడిగితే చెబుతారని నమ్మకం కుదిరింది. ముందు కోశాధికారిని అడిగినవాళ్ళే తర్వాత కలెక్టరుగారిని అడగగలిగారు. సమాజంలో మార్పు ఎలా వస్తుందని ఎవరైనా అడిగితే పెద్ద సిద్ధాంతం నాకు తెలీదు గానీ, నేను కళ్ళారా చూసింది ఇది.

మన దగ్గరే కాదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంఘం 1990లలో పల్లెల్లో బహిరంగ విచారణలు పెట్టి, ప్రభుత్వ పనుల మస్టర్ రోళ్ళు, అంటే కూలీల హాజరు పట్టీలు, ఊరందరి ముందూ చదివించింది. చేయని పనికి కూలి రాసిన పేర్లు, కట్టని గోడకి రాసిన సిమెంటు, అన్నీ బయటపడ్డాయి. “హమారా పైసా, హమారా హిసాబ్” అన్నారు. మా డబ్బు, మా లెక్క. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. ఆ ఏడాదే దేశంలో చాలామంది కలిసి సమాచార హక్కు కోసం జాతీయ స్థాయి ప్రచార వేదిక పెట్టుకున్నారు. చట్టం 2005లో వచ్చింది. ఇవాళ మన ఆటో సంఘం కుర్రాళ్ళు పది రూపాయల స్టాంపు అంటించి కార్పొరేషన్‌కి దరఖాస్తు పడేస్తున్నారంటే, దాని వెనక ఆ ఊళ్ళవాళ్ళ లెక్క ఉంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, మనవాళ్ళు తరచూ పొరబడుతుంటారు. ఆఫీసుల్లో ఆడవాళ్ళ మీద వేధింపులకు సంబంధించి ‘విశాఖ మార్గదర్శకాలు’ అని వింటుంటాం. అది మన ఊరు కాదండీ. విశాఖ అనేది రాజస్థాన్‌లోని ఒక స్త్రీల సంస్థ పేరు. అదీ, ఇంకొన్ని స్త్రీల సంఘాలూ కలిసి సుప్రీంకోర్టుకు వెళితే 1997 ఆగస్టు 13న ఆ తీర్పు వచ్చింది. నిజంగా మన విశాఖకి చెందిన తీర్పు దానికి ఒక నెల ముందే, జూలై 11న వచ్చింది. బొర్రా గుహల దగ్గర, అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో గిరిజనుల భూముల్ని గనులకు లీజుకివ్వడం మీద సమత అనే సంస్థ వేసిన కేసు అది. హైకోర్టులో ఓడిపోయి, సుప్రీంకోర్టుకు వెళ్ళి గెలిచారు. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం ఇవ్వడానికి లేదని కోర్టు చెప్పింది. ఈ రెండు తీర్పుల్లోనూ లాయర్లున్నారు, కాగితాలున్నాయి, నిజమే. కానీ కోర్టు మెట్లెక్కే ముందు ఎవరో ఊళ్ళో చాప పరుచుకుని కూర్చుని, మనం అడగొచ్చు అని ఒకరికొకరు చెప్పుకునే ఉంటారు.

వసూలుకి తిరగడం దండగ అనేవాళ్ళకి ఇంకొక మాట. ఫోన్‌పేలో కట్టించేసుకుందాం అని మొన్న యువకులు అన్నారు. కట్టించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ నేను తిరిగినందువల్ల తెలిసినవి ఫోన్‌లో తెలియవు. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ఆరిలోవలో నాలుగిళ్ళకి వెళితే, నాలుగిళ్ళలోనూ వేరువేరుగా ఒకే మాట వినబడింది. ఫలానా అపార్టుమెంటులో పనివాళ్ళు లిఫ్ట్ ఎక్కకూడదని బోర్డు పెట్టారట. నలుగురూ ఒకే చోట పనిచేస్తున్నారు, రోజూ అయిదో అంతస్తు దాకా మెట్లెక్కుతున్నారు. ఒకావిడకి మోకాలికి పట్టీ ఉంది. ఒకరి మాట ఒకరికి తెలీదు, ఎవరి తలరాత వాళ్ళదనుకుంటున్నారు. ఆ బోర్డు తీయించడానికి పనివాళ్ళని పంపలేదు మనం. సమాఖ్యలోనే ఉన్న కాలనీ సంఘం నుంచి ఇద్దరు పెద్దమనుషులు వెళ్ళారు, ఇస్త్రీ చొక్కాలేసుకుని. అపార్టుమెంటు సెక్రటరీకి వాళ్ళు వియ్యంకుల వరసలా కనిపించారు. కాఫీ ఇచ్చి మాట్లాడాడు. పది రోజుల్లో బోర్డు పోయింది. ఇళ్ళలో పనిచేసేవాళ్ళ హక్కుల మీద 2011లో జెనీవాలో అంతర్జాతీయ ఒడంబడిక చేశారు, మన దేశం అనుకూలంగా ఓటేసింది గానీ ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు. ఆరిలోవ లిఫ్టుకి మాత్రం రెండు ఇస్త్రీ చొక్కాలు సరిపోయాయి.

ఇలా చెబితే అంతా సాఫీగా నడిచిపోయినట్టుంటుంది. లేదు. మన సమాఖ్యలో ఉన్న ఒక కాలనీ సంఘం, అదే సమాఖ్యలో ఉన్న తోపుడుబళ్ళ వాళ్ళ మీద కార్పొరేషన్‌కి అర్జీ పెట్టింది. కాలనీ పేరు చెప్పను, చెబితే మళ్ళీ మొదలవుతుంది. ఆ సెక్రటరీగారి తల్లికి ఎనభై దాటింది, చక్రాల కుర్చీలో ఉంటుంది. సాయంత్రం ఆమెను బయటికి తీసుకెళ్ళడానికి దారి లేదు, మొత్తం బళ్ళే. ఆయన బాధ అబద్ధం కాదు. బళ్ళవాళ్ళు ఊరుకుంటారా? “మీ అమ్మగారికి రోజూ బత్తాయిలు ఏరి ఇచ్చేది నేనే కదండీ” అని ఒకతను ఏడ్చినంత పని చేశాడు. కార్పొరేషన్ బండి వచ్చి మూడు తక్కెళ్ళు ఎత్తుకుపోయింది. నిజానికి 2014 చట్టం ప్రకారం ముందు వీధి వర్తకుల సర్వే జరగాలి, అది పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ తీసెయ్యకూడదు. ఊళ్ళో వర్తక కమిటీ ఉండాలి, అందులో నలభై శాతం మంది బళ్ళవాళ్ళే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి, ఆ ప్రతినిధుల్లో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ఈ చట్టం గురించి ఆ రోజు తక్కెడ పోయినవాడికి చెబితే నా మొహం వంక చూశాడు.

మన నిబంధనల్లో ఒకటుంది: ఒక సభ్య సంఘం ఇంకో సభ్య సంఘం మీద ఫిర్యాదు చేసేముందు నెలవారీ సమావేశానికి తేవాలి. ఇద్దరూ రసీదు తీసుకున్నవాళ్ళు, ఇద్దరికీ అదే నిబంధన. మొదటి సమావేశం అరుపులతో సరిపోయింది. రెండోదానికి సెక్రటరీగారు రాలేదు. మూడోది గదిలో వద్దని, పొద్దున్న ఆరింటికి రోడ్డు మీదే పెట్టాం. దివ్యాంగ పిల్లల తల్లులు తమ పిల్లల చక్రాల కుర్చీ ఒకటి తెచ్చారు. టేపు పెట్టి కొలిచాం. ముప్పై ఆరంగుళాలు చాలన్నాడు బత్తాయిలతను. ఒక తల్లి కుర్చీ తోసి చూపించింది. ఎదురుగా ఇంకో మనిషి వస్తే చక్రం కాలవలో పడింది. ఆమె ఏం మాట్లాడలేదు, చక్రం పైకి తీసి మళ్ళీ తోసింది. నాలుగడుగులకు ఒప్పుకున్నారు. ఎవరో సున్నం డబ్బా తెస్తే గీత గీశాం. గీత దాటిన బళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి, ఇప్పటికీ నాకు ఫోన్లు వస్తాయి. కానీ ఆ సెక్రటరీగారే తర్వాత బళ్ళవాళ్ళ సర్టిఫికెట్ల అర్జీ మీద మొదటి సంతకం పెట్టారు. తక్కెళ్ళు విడిపించడానికి కూడా ఆయనే వెళ్ళారు, జోనల్ ఆఫీసుకి, బత్తాయిలతని బండి వెనక కూర్చుని.

ట్రస్టులో అయితే ఈ మనుషులు ఇద్దరూ ఒక గదిలో కూర్చునేవాళ్ళు కారు. ఒకరు ‘దాత వర్గం’, ఇంకొకరు ‘లబ్ధిదారు’ అయ్యేవాళ్ళు. ముసాయిదా డీడు నేను రెండుసార్లు చదివాను. అయిదుగురు ట్రస్టీలు, ఎన్నిక లేదు, ఒకరు తప్పుకుంటే మిగిలినవాళ్ళే ఇంకొకర్ని తీసుకుంటారు. సభ్యులు అనే మాట పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు. లబ్ధిదారులు అనే మాట పందొమ్మిది సార్లు ఉంది, లెక్కపెట్టాను, పాత అలవాటు. మన సొసైటీ రిజిస్ట్రేషన్ 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద జరిగింది. సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు కావాలి, సర్వసభ్య సమావేశం పెట్టాలి, ఎన్నుకున్న కార్యవర్గం జాబితా ఏటా రిజిస్ట్రారుకి పంపాలి. నాకు అదంతా చాకిరీయే. కానీ ఆ చాకిరీ వల్లనే పెద్దమ్మ నన్ను దింపెయ్యగలదు. ట్రస్టీని మనలో ఎవరూ ఓటేసి దింపలేరు.

జాలరిపేట ఆవిడ అడిగిన చేపలెవరో ఆ పన్నెండు పేజీల్లో ఉంది.

ఇక సీఎస్‌ఆర్ డబ్బు రావాలంటే ట్రస్టే ఉండాలన్న మాట. ఇది పొరపాటు, అధ్యక్షులవారికి ఎవరో తప్పు చెప్పారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ పని చేయించేందుకు రూల్స్‌లో ట్రస్టుతో పాటు రిజిస్టరైన సొసైటీకీ చోటుంది. ముఖ్యంగా కావలసింది ఆదాయపు పన్ను వాళ్ళ 12ఏ (సంస్థకి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు, అలాంటి పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం. మూడేళ్ళ అనుభవం ఎవరికుంది? మనకా, వచ్చే నెల పుట్టబోయే ట్రస్టుకా? 80జీ దరఖాస్తు మనం ఇంతవరకూ పెట్టలేదు, అందులో నా అలసత్వం ఉంది, ఒప్పుకుంటున్నాను. దాని కోసం ఇల్లు పడగొట్టక్కర్లేదు.

డబ్బు తీసుకోవద్దని నేను అనడం లేదు. దాని మీదే బతకొద్దంటున్నాను. 2020 దాకా మన సభ్య సంఘాల్లో ఆరింటికి ఒక పెద్ద సంస్థ ద్వారా విదేశీ నిధులు కొంచెం కొంచెం అందేవి. ఆ సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టం సవరించారు. తనకొచ్చిన విదేశీ డబ్బుని ఒక సంస్థ ఇంకో సంస్థకి ఇవ్వడానికి వీల్లేదన్నారు, ఆఫీసు ఖర్చుల హద్దు యాభై శాతం నుంచి ఇరవైకి దించారు. రాత్రికి రాత్రి ఆరు సంఘాలకీ కుళాయి కట్టేసినట్టయింది, అదీ కరోనా రోజుల్లో. రసీదు పుస్తకం ఎప్పుడో అటకెక్కించిన నాలుగు సంఘాలు ఏడాది తిరక్కుండా మూతపడ్డాయి. జీతాలు ఆగాయి, మీటింగులు ఆగాయి, మనుషులు ఎటు వాళ్ళు అటు పోయారు. చందా మానని రెండు సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. బీదగానే ఉన్నాయి, కానీ ఉన్నాయి. మధురవాడ సంఘం వాళ్ళు ఆఫీసు ఖాళీ చేసి, రామమందిరం అరుగు మీద మీటింగు పెట్టుకున్నారు. రావలసినవాళ్ళు అరుగు మీదికీ వచ్చారు.

ఇంకొకటి అడగాలి, అడగడానికి నాకే ఇబ్బందిగా ఉంది. మన ఊళ్ళో వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు మేడ మీద బట్టలు ఆరేస్తే సాయంత్రానికి నల్లదుమ్ము. మా కంచరపాలెంలో కిటికీ రెక్క మీద వేలు పెట్టి గీస్తే గీత పడుతుంది. ఆ దుమ్ము గురించి మనం రెండు సార్లు అర్జీలు పెట్టాం. రేపు మన ఆఫీసు అద్దె, పిల్లల జీతాలు ఈ ఊళ్ళోని ఏదో ఒక కంపెనీ డబ్బుతో నడుస్తుంటే, మూడో అర్జీ రాసేటప్పుడు నా కలం ఆగదా? మీ కలాలు ఆగవా? ఎవరూ మనల్ని ఆపమని చెప్పరు. మనకి మనమే, ఈ ఏడాదికి వద్దులే అనుకుంటాం.

నా తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఈ లేఖ న్యాయం కాదు. మూడేళ్ళ కిందట శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చిన ఒకమ్మాయి, ఇళ్ళలో పనిచేస్తోంది, ముప్పై రూపాయలు వచ్చే నెల ఇస్తానంది. రూలు రూలే అన్నాను. ఆమె పేరు పుస్తకంలో ఎక్కించలేదు. రెండు నెలలకి ఆ ఇంటివాళ్ళు దొంగతనం అంటగట్టి స్టేషనుకి పిలిపిస్తే, సంఘం వాళ్ళని పిలవడానికి ఆమెకు మొహం చెల్లలేదు, సభ్యురాలిని కానని. మనవాళ్ళకి సంగతి తెలిసేసరికి ఆమె ఊరెళ్ళిపోయింది. రుసుము గోడ కూడా కాగలదని నాకు అప్పుడు తెలిసింది. రద్దు చెయ్యాలంటున్న ఎనిమిది మందిలో ఇద్దరు ఈ సంగతి తెలిసే అలా చేతులెత్తారు. వాళ్ళని నేను తప్పు పట్టలేను.

కాబట్టి ఆదివారం నేను అడగబోయేది ఇది. రుసుము ఉంచండి. ఇవ్వలేనివాళ్ళ తరఫున మొదటి ఏడాది ఆ సంఘం ఉమ్మడి డబ్బులోంచి కట్టాలి, రసీదు మాత్రం ఆ మనిషి పేరు మీదే ఇవ్వాలి, ఓటూ ఆమెదే. ఇవ్వగలిగిన కాలనీ సంఘాలకి ముప్పైని వంద చేయండి, వాళ్ళకి అది భారం కాదు, సెక్రటరీగారితో మాట్లాడాను, సరేనన్నారు. సీఎస్‌ఆర్ డబ్బు తీసుకోండి, కానీ దాన్ని వస్తువులకే వాడండి: కంప్యూటరు, బెంచీలు, చక్రాల కుర్చీలు. దాని ఖాతా వేరుగా ఉంచండి. అద్దె, జీతాలు, అర్జీలు మాత్రం చందాతోనే నడవాలి, చిన్నగా నడిచినా సరే. చిట్టా ప్రతి ఏప్రిల్‌లోనూ ప్రతి సంఘంలోనూ పైకి చదవాలి. తొమ్మిదేళ్ళు ఒకే మనిషి కోశాధికారిగా ఉండటం కూడా మంచి పద్ధతి కాదు, ఈసారి నేను నిలబడను. గాజువాక ఆటో సంఘం నుంచి ఒక అమ్మాయి ఉంది, బీకాం చదివింది, నాకన్నా గట్టిగా అరుస్తుంది.

సమావేశం పదింటికి మొదలవుతుంది. పాత రసీదు పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని వస్తాను, ఎవరైనా చూసుకోవచ్చు. 2019 నాటి మూడో పుస్తకంలో రెండు రసీదులు చిరిగిపోయాయి, ఎవరి పేరు మీదో గుర్తులేదు. ఆ అరవై రూపాయలు నా దగ్గరినుంచి రావాలి, తెస్తాను. రసీదు ఇవ్వండి.

ఇట్లు,
మీ కోశాధికారి,
కంచరపాలెం, విశాఖపట్నం